అమ్మానాన్నల్ని ఎప్పుడైనా హోటల్‌కి తీసుకెళ్ళారా?

పోస్టు కొంచెం పెద్దదే. చదువు కోసం కొండ దిగి పట్నం వచ్చిన మనందరికీ సంబంధించిన విషయం కాబట్టి ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన గ్రూపులో స్కాలర్‌షిప్పుల గురించి, జీవో నెంబర్ 3 గురించి, పోడు పట్టాల గురించి చాలా రాసుకున్నాం. రాయాలి కూడా. ఈరోజు నేను హోటల్ తిండి గురించి రాస్తున్నా. "ఇదీ ఒక సమస్యేనా తమ్ముడూ" అని నవ్వకండి. ముందు ఒక ప్రశ్నకి మీలో మీరే జవాబు చెప్పుకోండి. పట్నంలో స్నేహితులతో కలిసి హోటల్‌కి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారు? లెక్క ఉండదు. అమ్మానాన్నల్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళారు?

నా జవాబు మొన్నటిదాకా సున్నా.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా నాన్న నన్ను చూడ్డానికి విశాఖ వచ్చారు. మాది ముంచింగిపుట్టు వైపు. తెల్లవారుజామున బయల్దేరి, ఘాట్ దిగి, బస్సు మారి, ఒక పనసపండు భుజాన వేసుకుని మధ్యాహ్నానికి హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డారు. ఆకలితో ఉన్నారని ముఖం చూస్తేనే తెలుస్తోంది. హాస్టల్ ఎదురుగానే మేం రోజూ వెళ్ళే హోటల్ ఉంది. ఆ టైములో మా క్లాసు వాళ్ళు నలుగురైదుగురు అక్కడే కూర్చుని ఉంటారని నాకు తెలుసు. నేను నాన్నని అటు తీసుకెళ్ళలేదు. సందు తిప్పి, రోడ్డు పక్క బండి దగ్గరికి తీసుకెళ్ళా. నిలబడి తిన్నాం. "ఇక్కడ బాగుంటుంది నాన్నా" అని అబద్ధం కూడా చెప్పా.

నాన్న ఏమీ అనలేదు. తిని, చెయ్యి కడుక్కుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. అంతే. కానీ ఆ తర్వాత ఎప్పుడు భోజనానికి పిలిచినా ఒకటే మాట: "మీ స్నేహితులుండే చోటికి నేనెందుకురా." అప్పుడర్థమైంది, ఆరోజు ఆయనకి అంతా తెలిసిందని.

ఎవరూ నన్ను తిట్టలేదు. ఏ హోటల్ వాడూ రావద్దని బోర్డు పెట్టలేదు. నాన్న గోచీ, ఆయన తెలుగు యాస, ఆయన చేతి పనసపండు చూసి వాళ్ళు నవ్వుతారేమోనని నేనే ముందుగా సిగ్గుపడి, నాన్నని పక్క సందులోకి తిప్పేశా. ఈ సిగ్గు మన పుట్టుకతో వచ్చింది కాదు. పట్నంలో మూడేళ్ళు నేర్చుకుంటే వచ్చింది. "మీ అడవిలో ఏం తింటారు? ఎలకలా?" అని క్లాసులో ఎవడో జోకు వేస్తే వాడితో పాటు మనమూ నవ్వినప్పుడు మొదలైంది.

ఇక అమ్మ సంగతి. మొన్న కళ్ళు చూపించుకోవడానికి అమ్మ విశాఖ వచ్చింది. ఈసారి తప్పు చెయ్యకూడదని గట్టిగా అనుకుని, కాస్త మంచి టిఫిన్ హోటల్‌కే తీసుకెళ్ళా. గుమ్మం దగ్గర అమ్మ ఆగిపోయింది. చెప్పులు విప్పి బయట పెట్టింది. "వద్దమ్మా, చెప్పులతోనే రావచ్చు" అంటే, "లోపల నేల అద్దంలా ఉంది కదరా" అంది. ముందు వరసలో మూడు బల్లలు ఖాళీగా ఉన్నాయి. మేం కూర్చోబోతే అక్కడున్న మనిషి చెయ్యి ఊపి, చేతులు కడుక్కునే సింకు పక్కనున్న బల్ల చూపించాడు. ఎందుకని అడిగితే "అవి ఫ్యామిలీలకి" అన్నాడు. అమ్మ, నేను. మేం ఫ్యామిలీ కాదట!

గొడవ పెట్టుకోలేదు. "మేమూ ఫ్యామిలీయే అండీ" అని చెప్పి ముందు బల్ల దగ్గరే కూర్చున్నా. గుండె దడదడలాడిందని ఒప్పుకుంటున్నా. అతను ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఇడ్లీ వచ్చింది. స్టీలు పళ్ళెంలో గుండ్రంగా ఆకు వేసి దాని మీద పెట్టారు. అమ్మ ఇడ్లీ ముట్టుకోలేదు. ఇడ్లీని పక్కకి జరిపి ఆకు అంచు పట్టుకుని తిప్పి చూసింది. "ఒరే, ఇది అడ్డాకురా" అంది. "కుట్టు మిషన్‌ది. ఆకు మాత్రం మనదే."

మా అమ్మ చిన్నప్పటి నుంచి అడ్డాకులు కోస్తోంది. ఎండబెట్టి, వెదురు పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి సంతకి మోస్తోంది. అవి ఎక్కడికెళ్తాయో, వాటిలో ఎవరు తింటారో ఆమెకి తెలీదు. ఆరోజు మొదటిసారి ఒక హోటల్లో తన ఆకులో తను తింది. చివర్లో కాఫీ చెప్పా. మా తోటలో కాఫీ పళ్ళు ఏరేది అమ్మే. ఇంట్లో తాగేది మాత్రం చోడి అంబలి. ఒక గుక్క తాగి, "దీనికోసమేనా ఇంత దూరం నుంచి జనం వస్తారు?" అంది. పక్క బల్ల వాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు ఎగతాళి నవ్వు కాదు, అమ్మ మాటకి వచ్చిన నవ్వు. ఆ తేడా ఎంత పెద్దదో నాకప్పుడు తెలిసింది.

మిత్రులారా, ఒక్కసారి ఆ పళ్ళెం వైపు చూడండి. ఆకు మనది. సాంబారులో చింతపండు ఏజెన్సీ సంతల నుంచి కూడా వస్తుంది. పొంగల్‌లో మిరియం, కూరలో పసుపు, నార్త్ ఇండియన్ అని మెనూలో రాసే రాజ్మా, ఇవన్నీ పాడేరు కొండల్లో మనవాళ్ళు పండిస్తున్నవే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెనక నేల ఊడ్చే చీపురు కూడా కొండచీపురే కావచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే గిన్నెలు తోమే దగ్గర, బల్లలు తుడిచే దగ్గర మన కుర్రాళ్ళే కనిపిస్తారు. పది తప్పి, ఇంటర్ ఆపేసి వచ్చినవాళ్ళు. హోటల్లో ప్రతిచోటా మనం ఉన్నాం. కూర్చుని తినే బల్ల దగ్గర, గల్లాపెట్టె దగ్గర మాత్రం లేం.

"అది కులం వల్ల కాదు, డబ్బు లేక" అని కొందరంటారు. డబ్బు లేకపోవడం నిజమే. నేను కాదనను. కానీ జేబులో డబ్బున్నా గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవాళ్ళ సంగతేంటి? డబ్బుతో పోయే భయం కాదది. ఈ దేశంలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. హోటల్ అంటే ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చే చోటు కూడా. రాజ్యాంగం రాసిన పెద్దలకి ఇది బాగా తెలుసు. అందుకే ఆర్టికల్ 15(2)లో దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలలు అని ప్రత్యేకంగా రాశారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిని చూపి ఏ పౌరుణ్ణీ వాటిలోకి రాకుండా ఆపకూడదు. చదువు, ఉద్యోగం లాంటి పెద్ద మాటల మధ్య హోటల్ అనే మాట ఊరికే రాలేదు.

1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. ఎస్సీ ఎస్టీలను దుకాణాల్లోకి, ప్రజలందరికీ తెరిచి ఉన్న చోట్లలోకి రాకుండా అడ్డుకోవడం, అక్కడ అందరూ వాడే గిన్నెలు, వస్తువులు వాడనివ్వకపోవడం శిక్షించదగ్గ నేరమని అందులో స్పష్టంగా ఉంది. సింకు పక్క బల్ల చూపించిన ప్రతివాడి మీదా కేసు పెట్టమని నేను చెప్పడం లేదు. అతను మా బట్టలు చూసి అలా అన్నాడో, అలవాటుగా అన్నాడో నాకు తెలీదు. కానీ చట్టం మనవైపు ఉందని తెలిస్తే "మేమూ ఫ్యామిలీయే" అనే మాట గొంతు వణక్కుండా వస్తుంది. చట్టం తెలియడం వల్ల మొదటి లాభం అదే.

ఇంకో వాదన మన పెద్దలదే. "బయటి తిండి ఎందుకు? మన సామలు, కొర్రలు, చోళ్ళే ఆరోగ్యం" అంటారు. నిజం. నేనూ రోజూ హోటల్లో తినమని చెప్పడం లేదు. ఆరోగ్యానికీ మంచిది కాదు, జేబుకీ మంచిది కాదు. నేనడిగేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. స్కాలర్‌షిప్ పడినప్పుడో, మొదటి జీతం వచ్చినప్పుడో, ఇంట్లోవాళ్ళు ఆస్పత్రి పని మీద దిగినప్పుడో. తిండి కోసం కాదు, వాళ్ళు అక్కడ తలెత్తుకుని కూర్చోవడం కోసం. పక్కన మన భాష నిజంగా గట్టిగా మాట్లాడుకోవడం కోసం. కువి అయినా, కోయ అయినా, గోండి అయినా, ఆదివాసీ ఒరియా అయినా సరే. ఇంగ్లీషులో ఆర్డర్ చేస్తే గౌరవం, మన భాషలో అమ్మతో మాట్లాడితే నామోషీ, ఇదెక్కడి లెక్క?

స్నేహితులతో వెళ్ళే విషయంలో కూడా ఒక మాట. మన హాస్టళ్ళలో చాలామంది "కడుపు బాలేదు" అని గదిలో ఉండిపోతారు. కడుపు బాగానే ఉంటుంది, జేబే బాగుండదు. నేనూ అలా ఎన్నోసార్లు పడుకున్నా. బిర్యానీకి పిలిచే అన్నలు ఇది గమనించాలి. బిల్లు సమానంగా పంచుకుందాం అనే ముందు ఎవరి దగ్గర ఎంత ఉందో ఆలోచించండి. లేదా అందరికీ అందుబాటులో ఉన్న చోటికే వెళ్ళండి. పిలిచిన తమ్ముడు రాలేదంటే పొగరు అనుకోకండి. ఇంకొకటి, బిల్లు చదవడం నేర్చుకుందాం. మామూలు హోటళ్ళలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జీ అనేది పన్ను కాదు. దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. కలిపితే తీసెయ్యమని మర్యాదగా అడగండి. వినకపోతే 1915 నంబరుకి ఫిర్యాదు చెయ్యొచ్చు. బిల్లు చూడకుండా డబ్బిచ్చి, టిప్పు పెట్టి వెళ్ళడం గొప్ప కాదు. టిప్పు ఇవ్వాలనుకుంటే బల్ల తుడిచే కుర్రాడి చేతికివ్వండి. వాడు మనవాడే కావచ్చు.

చివరిగా మన కొండల సంగతి. అరకు, మారేడుమిల్లి వెళ్ళి చూడండి. రోడ్డు పొడుగునా బొంగులో చికెన్. మన తాతలు అడవిలో గిన్నె లేక వెదురులో వండుకున్న వంట ఇప్పుడు టూరిస్టులకి పెద్ద ఆకర్షణ. సంతోషమే. బొంగు నరికేది, నిప్పు దగ్గర పొగ మింగుతూ తిప్పేది మనవాళ్ళు. రోడ్డు పక్క చిన్న బండ్లు చాలావరకు మనవే. కానీ ఏసీ గదులున్న పెద్ద హోటళ్ళ దగ్గరికి వెళ్తే ఓనరు ఎవరు? షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదని 1/70 చట్టం చెబుతోంది. అయినా చాలాచోట్ల కాగితం మీద పేరు మనది, గల్లా మీద చెయ్యి ఇంకొకరిది. ఇది మనందరికీ తెలిసిన రహస్యమే.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఎంబీయే చేసినవాళ్ళు ఉన్నారు, బీకాం వాళ్ళు ఉన్నారు. అందరూ గ్రూప్ 2 కోసం, టీచర్ పోస్టు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలా? నలుగురు కలిసి పాడేరులోనో, చింతూరులోనో, ఉట్నూరులోనో శుభ్రంగా ఒక భోజన హోటల్ పెట్టలేరా? సామ అన్నం, చోడి అంబలి, వెదురు కొమ్ముల కూర, వానాకాలంలో పుట్టగొడుగులు, అడ్డాకు విస్తరిలో. సంతకి వచ్చిన మన ముసలివాళ్ళు చెప్పులతో నేరుగా లోపలికొచ్చి ముందు బల్ల దగ్గర కూర్చునేలా. టూరిస్టు కూడా రావచ్చు, డబ్బు కట్టి తినొచ్చు. సులువని చెప్పను. పెట్టుబడి కావాలి, నష్టం రావచ్చు. కానీ ఇంకొకరి హోటల్లో ఇరవై ఏళ్ళు గిన్నెలు తోమడం కూడా సులువేమీ కాదు.

అది జరిగేలోపు ప్రతి ఒక్కరం చెయ్యగలిగింది ఒకటుంది. ఈ ఏడాదిలో ఒక్కసారి అమ్మనో, నాన్ననో, అవ్వనో మీరు స్నేహితులతో వెళ్ళే హోటల్‌కే తీసుకెళ్ళండి. వేరే సందులోకి తిప్పకండి. స్నేహితులు ఎదురైతే "మా నాన్న" అని పరిచయం చెయ్యండి.

నేను వచ్చే నెల నాన్నని మళ్ళీ రమ్మన్నా. ఎప్పటిలాగే "నేనెందుకురా" అన్నారు. ఈసారి నేను ఫోను పెట్టెయ్యలేదు. ఆరోజు బండి దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళానో చెప్పేశా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పనసకాయలు ఇంకా ముదరలేదు, పండాక వస్తా" అన్నారు.

పండేదాకా ఎదురుచూస్తున్నా.

జై ఆదివాసీ!