తోడేలు కుక్కకు మన పెరడు చాలదు

సొంత ఇల్లు కొనగానే పిల్లలు అడిగే మొదటి కోరిక కుక్కపిల్ల. అమెరికాలోని మన ఇళ్లలో ఇది మామూలే. ఇప్పుడు కొందరు పిల్లలు లాబ్రడార్‌తోనో, గోల్డెన్ రిట్రీవర్‌తోనో సరిపెట్టుకోవడం లేదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసి, రీల్స్ చూసి వుల్ఫ్‌డాగ్ కావాలంటున్నారు. 2025లో బెంగళూరులో ఒకాయన 50 కోట్ల రూపాయలకు అలాంటి కుక్కను కొన్నానని చెప్పుకున్నారు. ఈడీ అధికారులు ఆరా తీస్తే అందులో పస లేదని తేలింది. వీడియోలు మాత్రం మన వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేశాయి.

తోడేలు, కుక్కల కలయికతో పుట్టిన సంకరమే వుల్ఫ్‌డాగ్. కాపలాకు బాగా పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. చరిత్ర మరోలా చెబుతోంది. 1930లలో నెదర్లాండ్స్‌కు చెందిన లీన్‌డర్ట్ సార్లోస్ జర్మన్ షెపర్డ్‌ను తోడేలుతో కలిపి మరింత దృఢమైన కుక్కను తయారు చేయాలనుకున్నారు. ఆయన పేరుతోనే నిలిచిన ఆ జాతి కొత్తవాళ్లను చూస్తే వెనక్కి తగ్గుతుంది, తప్పించుకుపోవాలని చూస్తుంది. తోడేలు నైజం అదే. మనిషికి దూరంగా ఉండటం వల్లే అది అడవిలో బతుకుతుంది.

రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు ఏ తేడా కనిపించదు. కుక్క సాధారణంగా ఏడాదిలోపే ఈడుకొస్తుంది. తోడేలుకు దాదాపు రెండేళ్లు పడుతుంది. అసలు స్వభావం బయటపడేదీ అప్పుడే. తోడేలు పాలు ఎక్కువగా ఉన్నది కంచె కింద తవ్వుతుంది, పైనుంచి దూకుతుంది. ఒంటరిగా వదిలితే సోఫానే కాదు, గోడలనూ పీకేస్తుంది. ఎనిమిది అడుగుల కంచె, దాని అడుగున తవ్వకుండా వల ఉండాలంటారు అనుభవజ్ఞులు. మనవాళ్లుండే చాలా కాలనీల్లో హెచ్‌ఓఏలు ఆరడుగులు దాటనివ్వవు.

అసలు చిక్కు టీకాతో వస్తుంది. అమెరికాలో కుక్కలకు వేసే రేబిస్ టీకాలకు వుల్ఫ్‌డాగ్‌ల విషయంలో లైసెన్సు లేదు. వెటర్నరీ డాక్టర్ టీకా వేసినా, అధికారులు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఎవరినైనా కరిస్తే పది రోజులు పరిశీలనలో ఉంచుతారు. అదే వుల్ఫ్‌డాగ్ అయితే చంపి మెదడును పరీక్షించమని ఆదేశించే అవకాశం ఉంది. పుట్టినరోజు పార్టీలో పిల్లలు కేకలేస్తూ పరిగెడుతుంటే అది బెదిరి ఒక్క గాటు పెట్టినా చాలు. కరిపించుకున్న పిల్లాడికి వరసగా ఇంజెక్షన్లు, దానికేమో మరణశిక్ష. దాన్ని నమ్ముకున్న మన పిల్లలకు ఏం సమాధానం చెబుతాం?

అమ్మేవాళ్లు '80 శాతం తోడేలు' అని చెప్పే లెక్కలను నమ్మలేం. అలా అమ్ముడుపోయేవాటిలో చాలావరకు హస్కీ, మాలమ్యూట్, జర్మన్ షెపర్డ్ కలగలుపులే. అయినా యజమాని తన నోటితో 'వుల్ఫ్‌డాగ్' అన్నా, కాగితం మీద అలా రాయించినా కొన్నిచోట్ల అధికారులకు ఆ మాటే ఆధారమవుతుంది. గొప్ప కోసం అన్న మాట మామూలు కుక్క ప్రాణం మీదికి తెస్తుంది.

చట్టం కూడా రాష్ట్రానికో రకంగా ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే అట్లాంటా జార్జియాలో ఉంది, అక్కడ వీటిని పెంపుడు జంతువులుగా ఉంచుకోవడానికి వీల్లేదు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ 2000లోనే ప్రత్యేక చట్టం తెచ్చి కొత్తగా పెంచడాన్ని నిషేధించింది. హవాయి అసలు రానివ్వదు. టెక్సాస్‌లో కౌంటీని బట్టి నిబంధన మారుతుంది. మన బతుకులేమో ఉద్యోగం ఎటు తీసుకెళితే అటు. డాలస్‌లో పెంచుకున్నదాన్ని అట్లాంటాకు వెంట తీసుకెళ్లలేం. అమ్మానాన్నలను చూడటానికి నెల రోజులు ఊరెళ్లాలంటే దాన్ని ఎవరికి అప్పగించాలి? మామూలు బోర్డింగ్ కేంద్రాల్లో చాలావరకు వీటిని తీసుకోవు. ఇంటి బీమా సంస్థల్లో చాలావాటి మినహాయింపు జాబితాలోనూ వీటి పేరుంటుంది.

ఎకరాల కొద్దీ స్థలం, ఏళ్ల అనుభవం, రోజంతా తీరిక ఉండి వీటిని బాధ్యతగా పెంచేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, సాయంత్రం పిల్లలను క్లాసులకు తిప్పే ఇల్లు మాత్రం దానికి తగదు.

కొలరాడోలోని మిషన్ వుల్ఫ్, న్యూమెక్సికోలోని వైల్డ్ స్పిరిట్ లాంటి ఆశ్రయాల్లో ఉన్నవాటిలో చాలా జంతువులు ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి తెచ్చుకుని, తర్వాత పెంచలేక వదిలేసినవే. సెలవుల్లో పిల్లలను అలాంటి చోటుకు తీసుకెళ్లండి. అవెందుకు అక్కడున్నాయో వాళ్లు స్వయంగా తెలుసుకుంటారు. కావాలనుకుంటే ఒకదాని తిండి ఖర్చుకు నెలనెలా కొంత పంపవచ్చు. ఇంట్లో కుక్క ఉండాల్సిందేనంటే దగ్గర్లోని షెల్టర్‌కు వెళ్లండి. తోడేలు పోలికే కావాలంటే అక్కడ హస్కీలకు కొదవ ఉండదు. వాటికీ రోజూ బాగా పరుగు కావాలి, ఆ ఓపిక ఉందో లేదో ముందే చూసుకోండి. అది కరిచినా, తప్పించుకున్నా, చట్టం దాన్ని కుక్కగానే చూస్తుంది.