ఇంటి నంబరు ఉంది, మనిషి పేరేది?

ఈ వారమంతా నా ఫోన్‌లో ఒకటే వీడియో. ఒకరు పంపింది చెరిపేసేలోపు ఇంకొకరు పంపారు. మూసీ మీద డ్రోన్ ఎగురుతుంటుంది, వెనకాల సినిమా సంగీతం. తెరకు ఒకపక్క ఇప్పటి మురుగు, ఇంకోపక్క రాబోయే పచ్చిక, నడకదారి, పడవలు. ఆ పచ్చిక మీద కంప్యూటర్ గీసిన మనుషులు ఐస్‌క్రీం తింటూ నవ్వుతుంటారు. రేపు రాబోయేవాళ్లకు ముఖాలున్నాయి. ఇప్పుడు అక్కడున్నవాళ్లకు మాత్రం లేవు. డ్రోన్ కంటికి వాళ్లంతా రేకుల కప్పులు, వాటి మీద ఆరేసిన బట్టలు.

మూసీ బాగుపడొద్దని సూర్యాపేట వాడెవడూ అనడు. హైదరాబాద్ వాడు పారబోసిన నీళ్లే సోలిపేట దగ్గర మా ప్రాజెక్టులో నిండుతాయి, మా పొలాల్లో పారతాయి, మిర్యాలగూడ దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. నురగ చూశాం, కంపు భరించాం. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెంలో పాదయాత్ర చేసి నల్లగొండ గోస చెప్పినప్పుడు, నిజమే కదా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నా పేచీ నదితో కాదు, ఫోటోతో.

ఆ పాదయాత్రకు కొద్దివారాల ముందు సంగతి గుర్తు చేసుకోండి. చాదర్‌ఘాట్ పక్క శంకర్‌నగర్, మూసానగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే కూల్చాల్సిన ఇల్లని, రాశారు. ఖాళీ చేసినవాళ్లను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. ఆ సందుల్లోకి జేసీబీ పట్టదు కాబట్టి కూలీలను పెట్టి సుత్తెలతో కొట్టించారు. ఆ రోజుల పేపర్లు తిరగేస్తే రెండే రకాల ఫోటోలు కనిపిస్తాయి. ఒకటి, గోడ మీద ఎర్ర అక్షరాలు. రెండోది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న ఆడమనిషి. కింద రాత మనందరికీ కంఠతా వచ్చిందే: 'కన్నీరుమున్నీరవుతున్న మహిళ'. ఎవరా మహిళ? ఆ ఇంటికి కోడలిగా వచ్చిందా, కిరాయికుందా? ఏం పని చేసేది? అదే పేజీలో స్థలం చూడటానికొచ్చిన అధికారి పేరు, హోదా, పక్కన నిలబడ్డ కార్పొరేటర్ పేరు ఎక్కడా పొల్లుపోవు. చూడటానికొచ్చినవాడికి బిరుదు, ఇల్లు పోయినామెకు ఏడుపు!

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1866లో చట్టం చేసి పాత ఇరుకు సందులన్నీ కూల్చాలని తీర్మానించారు. అయితే కూల్చే సంస్థే థామస్ అన్నన్ అనే ఫోటోగ్రాఫర్‌ను పిలిచి, ముందు ఈ సందులన్నీ ఫోటో తీయమంది. 1868 నుంచి 1871 దాకా తీశాడాయన. అప్పటి కెమెరాకు ఆ చీకటి సందుల్లో వెలుతురు చాలదు, ప్లేటును చాలాసేపు తెరిచి ఉంచాలి. కదలకుండా నిలబడ్డవాళ్లు స్పష్టంగా పడ్డారు, కదిలిన పిల్లలు పొగలా మసకబారారు. ఇవాళ ఆ ఫోటోలు మ్యూజియంలలో ఉన్నాయి. వాటి కింద మాత్రం 'హై స్ట్రీట్, 118వ నంబరు సందు' అన్న తరహా రాతలే. గోడకు ఆనుకుని కెమెరా వైపే చూస్తున్న మనిషి ఎవరో ఎవరూ రాసిపెట్టలేదు. కనీసం వాళ్లు సందు నంబరైనా రాశారు.

అంత దూరం ఎందుకు, మన కోదాడ వైపుకే రండి. పులిచింతల ప్రాజెక్టు 45.77 టీఎంసీల కోసం నెమలిపురి, వెల్లటూరు, అడ్లూరు, కిష్టాపురం లాంటి ఊళ్లు ముంపుకు పోయాయి. 2013 డిసెంబరులో ప్రాజెక్టును ప్రారంభించారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కించారు. ముంపు ఊళ్లవాళ్ల దగ్గర ఏముంది? నష్టపరిహారం అవార్డు కాపీ. అందులో ఇంటి కొలతలుంటాయి, దూలాలు, దర్వాజలు, గూన పెంకలు, చింతచెట్టు, అన్నిటికీ ఖరీదు కట్టి ఉంటుంది. ఆ చింతచెట్టు కింద ఎవరు కూర్చునేవాళ్లో ఉండదు. అంతకుముందు నాగార్జునసాగర్ కథా ఇదే. నీళ్లొచ్చేలోపు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, కట్టడాలను ఒక్కో రాయిగా తరలించి, కొండ మీద మ్యూజియం కట్టారు. ఇక్ష్వాకుల రాళ్లకు ఫోటోలున్నాయి, నంబర్లున్నాయి, వివరాలున్నాయి. అదే లోయలోని పుల్లారెడ్డిగూడెం జనం ఎక్కడ? ఎడమ కాలువ కింద వరి పండించి, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఆడించుకునే మనం ఆ ప్రశ్న ఎన్నడైనా అడిగామా?

సరే, ఫోటో తీయడానికి వచ్చేవాళ్లు ఎలా తీస్తున్నారో కూడా చూద్దాం. రోడ్డు వెడల్పు కోసం ముందరి అర్ర సగానికి కోసిన ఒక ఇంటి దగ్గర నిలబడి చూశాను. నీలం సున్నం వేసిన గోడ బజారుకు ఎదురుగా బయటపడింది, దీపం గూట్లో నూనె మసి అలాగే ఉంది. ఖరీదైన కెమెరాతో ఒక కుర్రాడు వచ్చి, ఇంట్లో ముసలమ్మను దర్వాజ దగ్గర నిలబడమన్నాడు. "జర ఆగు బిడ్డా, చీర మార్చుకొనొస్త" అందామె. అతనికి తొందర. పాత చీరే బాగుందన్నాడు. ఆమె వినలేదు, లోపలికి పోయి జరీ అంచు చీర కట్టుకుని, దండేసిన పెనిమిటి ఫోటో చేత పట్టుకుని వచ్చింది. అప్పుడు ఆ కుర్రాడన్న మాటకు నాకు ఒళ్లు మండింది. "కొంచెం బాధగా చూడమ్మా" అన్నాడు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసి, "నాకేడుపొస్తే నీ ముంగట ఏడుస్తనా" అని, నిటారుగా నిలబడింది. నాలుగు క్లిక్కులు కొట్టి వెళ్లబోతుంటే "మరి కాపీ ఎన్నడిస్తవ్?" అని అడిగింది. కుర్రాడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతానన్నాడు.

ఈ పాడుపని మన పాత స్టూడియోలవాళ్లు చేయలేదు. గోడకు అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా ఉండేవి. ముస్తాబయ్యేదాకా ఆగేవాళ్లు. కవరు మీద పేరు, ఊరు, నెగెటివ్ నంబరు, ముట్టిన అడ్వాన్స్ రాసుకునేవాళ్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అలాంటి కవర్లు బీరువాల నిండా ఉండేవి. దుకాణాలు మూతపడ్డప్పుడు చాలామటుకు తూకానికి పోయాయి. మూడు పట్టణాల ముఖచిత్రం పాత సామాన్ల వాడి తక్కెడలో పడింది. తెలంగాణ ఇళ్ల గోడలను, దర్వాజలను, ఆ దర్వాజల్లో నిలబడ్డ ఆడవాళ్లను ఇళ్లు కూలకముందే ప్రేమగా తీసిన వరంగల్లు మనిషి గుడిమళ్ల భరత్ భూషణ్ 2022లో పోయారు. అలాంటివాడు ఊరికొకడు కావాలి. రాష్ట్రానికి ఒకడుంటే, వాడినీ ఆర్టిస్టు అని పక్కన కూర్చోబెట్టాం.

ప్రభుత్వానికి కెమెరా చేతకాదనుకోకండి. బుల్‌డోజర్ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న తీర్పిస్తూ, పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలనీ, కూల్చివేతనంతా వీడియో తీసి భద్రపరచాలనీ చెప్పింది. రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద, నది ఒడ్డున ఉన్నవాటికి ఆ రక్షణ వర్తించదనీ అదే తీర్పులో ఉంది. పేదవాడి ఇల్లు ఎక్కువగా ఉండేది ఎక్కడో మీకు తెలుసు. ఇక ఇందిరమ్మ ఇళ్ల సర్వే. దరఖాస్తు చేసుకున్నవాళ్లను ఇప్పుడుంటున్న ఇంటి ముందు నిలబెట్టి యాప్‌లో ఫోటో కొట్టారు. మంజూరైతే బేస్‌మెంట్‌కు ఒక ఫోటో, గోడలకు ఒకటి, స్లాబుకు ఒకటి. ఐదు లక్షలు విడతలుగా రావాలంటే ఇవన్నీ పడాల్సిందే. అంటే పాత గుడిసె ముందు నిలబడ్డ తెలంగాణ పేదల ఫోటోలు, పేరుతో, ఊరుతో సహా, ఏదో సర్వర్‌లో గుట్టగా పడి ఉన్నాయి. మన చరిత్రలో ఇంత పెద్ద ఫోటో ఆల్బం లేదు! అందులోంచి ఒక్కటి ప్రింటు తీసి ఆ ఇంటావిడ చేతిలో పెట్టాలన్న ఆలోచన ఏ అధికారికైనా వచ్చిందా? రాదు. ఆ ఫోటో బిల్లు కోసం తీసింది, ఆమె కోసం కాదు.

కాబట్టి నేనడిగేది చిన్నదే. గోడ మీద ఎర్ర గీత గీసే ముందు, అదే ఊరి స్టూడియో మనిషిని పంపండి. ఇంటిల్లిపాదినీ వాళ్లకు నచ్చిన బట్టల్లో, వాళ్లు నిలబడతామన్న చోట తీయించండి. పేర్లు, ఎన్నేళ్లుగా ఉంటున్నారో, ఏ పని చేస్తారో రాయించండి. ఒక కాపీ ఇంటివాళ్లకు, ఒకటి ఊరి గ్రంథాలయానికి.

డబ్బు లేదంటారు. మరి ఫ్లెక్సీలకు ఎక్కడిది? సూర్యాపేటలో ఏ సెంటర్లో నిలబడ్డా తలెత్తితే ఆకాశం కనపడదు. నమస్కారం పెడుతున్న పెద్ద నాయకుడు, ఆయన మోకాలి దగ్గర చిన్న నాయకులు, వాళ్ల కింద తపాలాబిళ్లంత ముఖాలతో ఓ నలభైమంది అనుచరులు. పుట్టినరోజు ఒకడిది, చిరునవ్వు అందరిదీ. ఆ నలభైమందిలో ప్రతి ఒక్కడి ముఖం కిందా ఇంటిపేరుతో సహా పేరుంటుంది, అక్షరదోషం వస్తే ప్రింటింగ్‌వాడి మీద యుద్ధమే. కోదాడలో అంతే, మిర్యాలగూడలో అంతకన్నా. పండగ వెళ్లిపోయిన నెలకు కూడా అవి దిగవు, చినిగి కరెంటు తీగల మీద వేలాడుతుంటాయి. అనుమతి లేని ఫ్లెక్సీకి జరిమానా వేసే అధికారం మున్సిపాలిటీకి ఉంది. మూడు పట్టణాల్లోనూ ఒక్క నెల నిజాయితీగా వసూలు చేయమనండి. పాత బజారులో ప్రతి ఇంటికీ ఫోటో, ఫ్రేము కట్టించి మరీ ఇవ్వొచ్చు. ఏ పద్దు కింద రాసుకుంటారన్నది కమిషనర్ల తలనొప్పి.