కోటగోడలును కాపురములును

పురాతన కట్టడమును రక్షించుట వేఱు. పురాతన పట్టణమును బ్రదికించుట వేఱు. మొదటిదానికి ఱాయి, సున్నము, కావలివాడు చాలును. రెండవదానికి మనుష్యులు కావలయును. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే మన దేశమున కొన్ని కోటలు కూలిపోవుచున్నవి, మఱికొన్ని తాళములు పడి గబ్బిలముల పాలగుచున్నవి. పేరునందే కోటను ధరించిన శృంగవరపుకోటలో నుండి వ్రాయుచున్న మేము, మన జిల్లాకు ముఖ్యపట్టణమైన విజయనగరపు కోటను గూర్చియు, దాని నాశ్రయించి పెరిగిన పాతపట్టణమును గూర్చియు నేడు కొన్ని మాటలు విన్నవింపదలచితిమి.

విజయనగర దుర్గము 1713వ సంవత్సరమున, విజయనామ సంవత్సర విజయదశమినాడు పూసపాటి ప్రభువులచే శంకుస్థాపన గావింపబడినది. నాలుగు మూలల నాలుగు బురుజులు, తూర్పున నగారాఖానా గల సింహద్వారము, చుట్టును అగడ్త: ఇది దాని స్వరూపము. 1757వ సంవత్సరమున బొబ్బిలిపై పరాసుసేనతో కలసి నడచిన దండు ఈ సంస్థానముదే. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద కంపెనీసేన నెదిర్చి నేలకొఱిగిన చినవిజయరామరాజును ఈ సంస్థానాధిపతియే. మన గర్వమును మన సిగ్గును రెండును ఆ గోడలలోనే యున్నవి. కత్తుల కాలము గడచిన పిమ్మట ఆ పట్టణమే విద్యలకు నెలవైనది. 1892లో కన్యాశుల్కము మొదట ప్రదర్శింపబడినది అచ్చటనే. 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైనదియు అచ్చటనే. 1885లో కట్టిన గంటస్తంభము చుట్టును నేటికిని బజారు సాగుచున్నది. ఏటేట పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడి నుండి కోట వఱకు ముమ్మాఱు తిరుగును. ఇట్టి కోటను చచ్చిన ఱాళ్లకుప్ప యని యెవ్వరనగలరు?

అయినను మనము దాని నెట్లు చూచుకొనుచున్నాము? 1869లో కోటలోపల నిర్మింపబడిన మోతీమహలు రాజుల దర్బారుమందిరము. అది 1979లో విద్యాధర్మసంస్థయైన మాన్సాస్ అధీనమునకు వచ్చినది. 2020వ సంవత్సరమున శిథిలమైనదను హేతువుతో నేలమట్టమైనది. నూటయేబదేండ్లు నిలిచిన మేడ పోయిన పిమ్మట పత్రికలలో వాదోపవాదములు జరిగినవి. నాయకు లొకరినొకరు నిందించుకొనిరి. నింద యెవరిదైనను నష్టము మాత్రము అందఱిది. మేమీ సందర్భమున దోషులను వెదకబోము. కూల్చుటకు ముందు ప్రజల నడుగుటకు విధి యేదియు లేకపోయెనే, అదియే మా విచారము.

ఇట్టి చిక్కు మనకొక్కరికే కలుగలేదు. అరబ్బు దేశముల ప్రాకారనగరములు దీనిని మనకంటె ముందుగా ఎదుర్కొన్నవి. ధనికులు పాతపట్టణమును విడిచి క్రొత్తపేటలకు తరలిపోయిరి; వారి మండువాయిండ్లలో గదికొక కుటుంబము చొప్పున బీదలు చేరిరి; మరమ్మతు చేయువారు లేక కప్పులు కూలెను. తూనిసు నగరమున 1967లోనే పాతపట్టణ రక్షణ సంఘ మొకటి ఏర్పడినది. అచ్చటి హఫ్సియా పేట కూల్చివేతలతో చిల్లులు పడియుండగా, ఆ చిల్లులను పాతయిండ్ల యెత్తుననే, ఇఱుకు వీథుల తీరుననే, క్రొత్త యిండ్లతో పూడ్చిరి. కైరోనగరమున శతాబ్దములుగా పేరుకొనిన చెత్తదిబ్బను తొలగింపగా, పండ్రెండవ శతాబ్దపు కోటగోడ మైలుకు దగ్గఱ పొడవున బయటపడినది. ఆ దిబ్బ 2005లో అల్ అజహరు ఉద్యానమైనది. దానిని నిర్మించిన ఆగాఖాన్ ధర్మసంస్థ తోటతో తృప్తిపడలేదు. గోడనంటియున్న దర్బు అల్ అహ్మరు పేటలోని బీదల యిండ్లను బాగుచేయించినది. ఆ పేట యువకులకే ఱాతిపని, కొయ్యపని నేర్పించినది. గోడ నిలిచినది, గోడప్రక్కవాడును నిలిచినాడు.

ఇందుకు విరుద్ధమైన పాఠమును మరాకషు నగరము చెప్పుచున్నది. అచ్చటి పాతయిండ్లను పరదేశీయులు కొని యాత్రికుల విడుదులుగా మార్చుకొనగా ధరలు పెరిగినవి. ఇండ్లు మెఱుగెక్కినవి గాని వానిలో పుట్టినవారికి వానిలో నుండు తాహతు తగ్గినది. అలెప్పో కథ యింకను కఠినము. 2012లో ఆరంభమైన సంగ్రామమున దాని పురాతనమైన బజారు కాలిపోయినది. యుద్ధమునకు పూర్వము గీచుకొనిన పటములు, తీసికొనిన కొలతలు నేడు పునర్నిర్మాణమునకు ఆధారములగుచున్నవి. పటము లేని యిల్లు కూలినచో జ్ఞాపకము తప్ప ఏమియు మిగులదు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వినవచ్చును. మొదటిది: జమీందారుల కోట ప్రజలకేల? 1948లో ఎస్టేటుల రద్దు శాసనముతో జమీందారీ పోయినది. దానికై పోరాడినవారిలో మా వంటి కార్యకర్తలు పలువురు. కాని ఆ గోడ నెత్తినది జమీందారుడు కాదు. తట్టమోసినవాడు రైతుకూలి, ఱాయి చెక్కినవాడు మన ఊరి శిల్పి, సొమ్మిచ్చినది మన శిస్తు. దొరతనము పోయినంత మాత్రమున కూలివాని చెమటను త్రోసిపుచ్చుట న్యాయమా? రెండవ ఆక్షేపణ: ఆకలిగొన్నవానికి కోటగోడ కూడు పెట్టునా? పెట్టును, పెట్టునట్లు మనము చేసినచో. గానుగసున్నము నూఱి, బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి గచ్చు వేయు పనివారు మన జిల్లాలో అరుదగుచున్నారు. ఒక్క బురుజు మరమ్మతు పదిమంది పడుచువాండ్రకు జీవితకాలపు విద్య నీయగలదు. పాతకట్టడము క్రొత్తపనికి రాదనువారు కోరుకొండకు పోయి చూతురుగాక. అచ్చటి రాజమందిరమున 1962 నుండి సైనికపాఠశాల నడచుచున్నది. విజయనగరపు కోటలోపలనే విద్యాలయములు నడచుచున్నవి. వాడుకలోనున్న యిల్లు పాడుపడదు.

చట్టము మాట. రాజ్యాంగములోని 51ఏ అధికరణము మన సమ్మిశ్ర సంస్కృతీ సంపదను కాపాడుట ప్రతి పౌరునకును విధియని చెప్పుచున్నది. ప్రాచీన కట్టడములను రక్షితములుగా ప్రకటించుటకు రాష్ట్రమునకు 1960 నాటి శాసనము అధికారమిచ్చుచున్నది. హైదరాబాదునందలి ఇర్రంమంజిలును కూల్చి శాసనసభ కట్టదలచిన మంత్రివర్గ నిర్ణయమును 2019లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసినది. ఆ మేడ నేటికిని నిలిచియున్నది. ఇర్రంమంజిలు పక్షమున న్యాయస్థానమునకు పోయినవారుండిరి. మోతీమహలు విషయమున గోలయంతయు పలుగు పడిన పిమ్మటనే బలపడినది. మెలకువగా నున్న ప్రజలు లేనిచోట చట్టము పుస్తకముననే నిద్రించును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, కోటలోపలను పాతవీథులలోను మిగిలిన ప్రతి పురాతన భవనమునకును కొలతలు, పటములు, ఛాయాచిత్రములు సిద్ధపఱచి పురపాలక కార్యాలయమునను గ్రంథాలయములందును ఉంచవలయును. ఈ పనికి వలసినది ధనముకంటె శ్రద్ధ. కళాశాల విద్యార్థులే చేయగలరు. రెండవది, బహిరంగ ప్రకటన లేక, అభ్యంతరములు వినక, యంత్రజ్ఞుని పరీక్ష లేక, శిథిలమను పేరున ఏ భవనమును కూల్చరాదు. మూడవది, మరమ్మతు పనిలో స్థానికులకు ముందుగా శిక్షణమునిచ్చి వారినే నియోగింపవలయును. నాల్గవది, సుందరీకరణమను పేరున పాతబజారులోని చిల్లరవర్తకులను, అద్దె కాపురములను వెడలగొట్టరాదు. రంగువేసిన గోడలమధ్య నిర్మానుష్యమైన వీథి మాకు వలదు.

ఇదంతయు ప్రభుత్వము చేయునుగాక యని చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. ప్రతి పఠనమందిరమునను పదిమంది చేరి తమ యూరి పాత కట్టడముల పట్టిక నొకటి వ్రాయనిండు. గుడి, సత్రము, దిగుడుబావి, కచ్చేరి, దొరగారి బంగళా, ఏదైనను సరియే. ఆ పట్టికను అధికారులకు పంపి రసీదు పుచ్చుకొనుడు. రేపు పలుగు పట్టుకొని వచ్చినవానికి ఆ రసీదే మొదటి అడ్డగోడ యగును.