సగటు అంకెల చాటున గిరిజన గర్భిణి

మాతృ ఆరోగ్య రంగంలో రాష్ట్రం చెప్పుకోదగిన ప్రగతిని సాధించింది. నమూనా నమోదు వ్యవస్థ 2018-20 గణాంకాల ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు దేశంలో 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45గా నమోదయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మేరకు రాష్ట్రంలో 96.5 శాతం ప్రసవాలు ఆసుపత్రులలోనే జరిగాయి.

అయితే ఇవి రాష్ట్ర సగటులు మాత్రమే. ఈ మరణాల నిష్పత్తిని షెడ్యూల్డు తెగలకు విడిగా ప్రకటించే పద్ధతి లేనందున ఏజెన్సీ ప్రాంతపు వాస్తవ స్థితి సగటులో కలిసిపోతున్నది.

2005లో ప్రారంభమైన 108 వాహనం రహదారి ఉన్నంత మేరకే చేరగలదు. అక్కడివరకు గర్భిణిని డోలీలో మోసుకురావలసిన కొండ గ్రామాలు పాడేరు, పార్వతీపురం ప్రాంతాలలో నేటికీ ఉన్నాయి. ప్రసవానంతర రక్తస్రావం కొద్ది గంటలలోనే ప్రాణాంతకం కాగలదు. రక్తహీనత, మలేరియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నచోట ఈ ముప్పు మరింత అధికం. కువి వంటి మాతృభాషలు తెలిసిన సిబ్బంది కొరవడినచోట ప్రమాద లక్షణాలు సకాలంలో వైద్యుల దృష్టికి రావు.

ప్రసవ తేదీకి ముందుగానే గర్భిణులను చేర్చుకునేందుకు సాలూరులో నెలకొల్పిన వసతి గృహం వంటివి దూరాన్ని జయించే మార్గాలు. వీటి విస్తరణతోపాటు ప్రతి మాతృ మరణాన్ని తెగ, గ్రామం, ప్రయాణ సమయం వారీగా సమీక్షించి నమోదు చేసినప్పుడే అంతరం ఎక్కడున్నదో అధికారులకు స్పష్టమవుతుంది.