అదృశ్యమైన వారిని వెతుకుదాం, తీర్పులు చెప్పకుందాం

ఇంట్లో ఒకరు మరణిస్తే జనాజా నమాజు ఉంటుంది, ఖబరస్తాన్ దాకా భుజం పట్టే నలుగురు ఉంటారు, పరామర్శకు వచ్చినవారికి ఏ మాట చెప్పాలో తెలిసి ఉంటుంది. మనిషి కనిపించకుండా పోయిన ఇంట ఇవేవీ ఉండవు. తలుపు చప్పుడైతే ఆశ, ఫోను మోగితే భయం. అటువంటి ఇంటికి సమాజంగా మనం ఏమి ఇస్తున్నాము? కొన్ని సంవత్సరాలుగా మేము గమనిస్తున్నంతలో, మనం అన్నిటికంటే ఎక్కువగా ఇస్తున్నవి కథలు. ఎవరితో వెళ్లింది, ఎందుకు వెళ్లాడు, ఇంట్లో ఏం జరిగింది, వెనుక ఎవరున్నారు అన్న ఊహలు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్ వీడియోలలో పోలీసుల విచారణ కంటే ముందే ముగింపుకు చేరుకుంటున్నాయి.

ఈ విషయం రాయడానికి మాకు అర్హత కంటే అపరాధ భావం ఎక్కువగా ఉన్నదని మొదటే ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా నాగిరెడ్డిపేట మండలంలోని ఒక గ్రామం నుంచి కాలేజీకి వెళ్లిన ఒక అమ్మాయి సాయంత్రానికి ఇల్లు చేరలేదు. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదని కొన్ని వివరాలను కావాలనే వదిలివేస్తున్నాము. మగ్రిబ్ తరువాత తండ్రి మా ఇంటికి వచ్చి, "భాయ్ సాబ్, స్టేషన్ దాకా తోడు వస్తారా?" అన్నారు. దరఖాస్తు రాయడం మాకు వచ్చిన పని గనుక అక్కడే కూర్చుని రాశాము. మేము స్టేషన్ నుంచి తిరిగి వచ్చేసరికి అమ్మాయి ఫొటో మూడు గ్రూపుల్లో మూడు కథలతో తిరుగుతున్నది. మనవారి గ్రూపులో ఆమె వేరే మతం అబ్బాయితో వెళ్లిపోయిందన్నారు. ఊరి గ్రూపులో తల్లిదండ్రులే ఏదో చేశారన్నారు. మరొక దానిలో రోజూ కాలేజీ పిల్లలను ఎక్కించుకునే ఒక ఆటో డ్రైవరు పేరు రాశారు.

పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో చెప్పలేక ఆ అమ్మాయి బోధన్‌లోని మేనత్త ఇంటికి వెళ్లింది. రెండవ రోజు మేనత్తే వెంటబెట్టుకొని తీసుకువచ్చింది. జరిగింది ఇంతే. కానీ కథలు పంపినవారిలో ఒక్కరూ "మేము పొరబడ్డాము" అని మళ్లీ పంపలేదు. ఆ ఆటోలో తమ పిల్లలను ఎక్కించడానికి తల్లులు చాలా కాలం జంకారు. అమ్మాయి చదువు అక్కడితో ఆగిపోయింది. ఏడాది తిరగకముందే దూరపు సంబంధం చూసి పెళ్లి చేశారు. ఆ రాత్రి మేము కూడా ఆటో డ్రైవరు పేరున్న సందేశాన్ని "ఇది నిజమేనా?" అని చేర్చి ఇద్దరు పెద్దలకు పంపాము. చివర ప్రశ్నార్థకం పెట్టినందున మా తప్పు తగ్గిపోదు. వారు దానిని ప్రశ్నార్థకం లేకుండానే ముందుకు పంపారు.

ఇది ఒక్క పల్లె సమస్య కాదు. 2024 డిసెంబరు 25న మన కామారెడ్డి జిల్లాలో ఒక పోలీసు అధికారి, ఒక మహిళా కానిస్టేబులు, ఒక యువకుడు కనిపించకుండా పోయారు. సదాశివనగర్ మండలం అడ్లూర్ ఎల్లారెడ్డి పెద్ద చెరువులో గాలింపు జరిపితే ఆ రాత్రి ఇద్దరి మృతదేహాలు, 26వ తేదీ ఉదయం మూడవ వారి మృతదేహం బయటపడ్డాయి. దర్యాప్తు ఇంకా మొదటి మెట్టు మీద ఉండగానే ఆ ముగ్గురి మధ్య సంబంధాల గురించి రాష్ట్రమంతటా కథలు అల్లారు. చెరువు గట్టు మీద ఏడుస్తున్న మూడు కుటుంబాలు ఆ కథలను తమ ఫోన్లలోనే చదవవలసి వచ్చింది. మరణించినవారు వచ్చి జవాబు చెప్పుకోలేరు. వారి పేర్లు మేము ఇక్కడ రాయకపోవడానికీ అదే కారణం.

అమెరికాలో 2013లో జరిగినది ఇంతకంటే కఠినమైనది. భారతీయ మూలాలున్న ఒక విద్యార్థి ఆ మార్చి నెలలో అదృశ్యమయ్యాడు. అతని కుటుంబం అతనిని వెతకడానికే ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచింది. ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. అనుమానితుల చిత్రాలను ఎఫ్‌బీఐ విడుదల చేయగానే రెడిట్ అనే వేదిక మీద కొందరు ఔత్సాహిక అపరాధ పరిశోధకులు ఆ విద్యార్థే బాంబు పెట్టాడని తేల్చారు. బిడ్డను వెతకడానికి పెట్టిన పేజీకి దూషణలు వచ్చిపడ్డాయి. అసలు నిందితులు వేరేవారని కొద్ది గంటల్లోనే తేలింది. ఏప్రిల్ 23న ఆ విద్యార్థి మృతదేహం ఒక నదిలో దొరికింది; బాంబులు పేలకముందే అతడు మరణించి ఉన్నాడు. రెడిట్ బహిరంగంగా క్షమాపణ కోరింది. క్షమాపణ ఆ తల్లికి ఏమి తెచ్చి ఇవ్వగలదు?

ఇక్కడ ఒక అభ్యంతరం వినవస్తుంది. "మేము గొంతెత్తకపోతే పోలీసులు కదలరు" అంటారు. ఆ మాటలో నిజం ఉన్నది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ వద్ద యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయినప్పుడు, ఫిర్యాదు చేయబోయిన కుటుంబానికి ఇది మా పరిధి కాదన్న జవాబు ఎదురైంది. నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసు సిబ్బందిని తరువాత సస్పెండు చేశారు. ఆ రాత్రి విలువైన గంటలు పోయాయి. కనుక పోలీసులను ప్రశ్నించడం, కేసు నమోదు చేయించడం, అధికారుల చుట్టూ తిరగడం మన హక్కు, అవసరం కూడా.

అయితే అదే ఘటనలో సామాజిక మాధ్యమాలు ఏమి చేశాయో కూడా మరువరాదు. నిందితులు నలుగురు. వారిలో ఒక్కడు ముస్లిం. ఆ ఒక్కడి పేరును మాత్రమే పట్టుకొని, ఇది ఒక మతం చేసిన నేరమన్నట్లు దేశమంతా ప్రచారం చేశారు. అత్యాచార బాధితురాలి పేరు వెల్లడించడం చట్టరీత్యా నేరం కాగా, ఆమె పేరు, ఫొటో లక్షలాది ఫోన్లకు చేరాయి. చివరకు పోలీసులే "దిశ" అన్న పేరు వాడవలసిందిగా కోరవలసి వచ్చింది. వెంటనే శిక్షించాలన్న కోలాహలం మధ్య డిసెంబరు 6న నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో మరణించారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మదగినది కాదన్నది. ఆ నివేదిక 2022లో వెలుగు చూసింది. గుంపు తొందర న్యాయానికి కూడా హాని చేసిందన్న మాట.

ఊహ ప్రాణాలు కూడా తీస్తుంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో వ్యాపించింది. ఆ మే నెలలో మన పక్కనే ఉన్న నిజామాబాద్ జిల్లా భీంగల్ మండలంలో అనుమానం మీద ఒక మనిషిని కొట్టి చంపారు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కి వద్ద హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం యువ ఇంజనీరును గుంపు చంపింది. అతని బృందంలోని వారు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే వారి నేరం. మా మండలాన్ని తాకి పోయే మంజీర ఆ బీదర్ జిల్లా మీదుగానే వస్తుంది; ముర్కి మనకు దూరదేశం కాదు. ఆ గ్రామంలో నిజంగా ఏ పిల్లా అదృశ్యం కాలేదు. అదృశ్యమయ్యారన్న ఊహ ఒక్కటే ఒక తల్లికి కొడుకును లేకుండా చేసింది. నాలుగు రోజుల తరువాత, జూలై 17న, సుప్రీంకోర్టు మూకహత్యల నివారణకు ప్రతి జిల్లాలో నోడల్ అధికారిని నియమించాలని ఆదేశించింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్ మూకహత్యకు యావజ్జీవం లేదా మరణశిక్ష విధిస్తున్నది.

వదంతి వల్ల ఇంతగా నష్టపోయిన సముదాయం వదంతికి వాహకం కావడం తగునా అన్నది మా ప్రశ్న. అనుమానం మన వాడి మీద పడితే అన్యాయమంటాము. అదే అనుమానం మన ఇంటి పక్క అమ్మాయి మీద, ఇతర మతం యువకుని మీద పడితే "ఎందుకైనా మంచిది, నలుగురికీ తెలియాలి" అంటూ ముందుకు పంపుతాము. రెండూ ఒకే తప్పు.

ఈ విషయంలో మనకు కొత్త పాఠం అవసరం లేదు. ముస్లిం ఇంట పుట్టినవారికి ఇఫ్క్ ఉదంతం తెలుసు. ప్రయాణంలో తెగిపడిన హారాన్ని వెతుకుతూ హజ్రత్ ఆయిషా (రజి) వెనుకబడిపోయారు. బిడారు ఆమె లేదని తెలియక సాగిపోయింది. వెనుక వస్తున్న సఫ్వాన్ (రజి) ఆమెను ఒంటె మీద ఎక్కించి, తాను నడుస్తూ తీసుకువచ్చారు. కొద్ది గంటలు కనిపించకపోవడమే! దాదాపు నెల రోజులు మదీనాలో నోళ్లు ఆగలేదు. ఆ నిందను నూర్ సూరా ఖండించింది. విన్న వెంటనే తోటివారి గురించి మంచినే ఎందుకు తలచలేదని విశ్వాసులను మందలించింది. హుజురాత్ సూరా వార్తను నిర్ధారించుకోమని, అనుమానానికి దూరంగా ఉండమని బోధించింది. నాడు నోటి నుంచి నోటికి పాకినదే నేడు ఫోను నుంచి ఫోనుకు పాకుతున్నది. బోధ మాత్రం మారలేదు.

అయితే మనం ఏమి చేయాలి? గుమాస్తాగా జీవితమంతా ఫారాలు నింపిన అనుభవంతో ఒక మాట చెబుతాము. పోలీసులు జారీ చేసే అదృశ్య ప్రకటనను చూడండి. పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది దుస్తులు, గుర్తులు, చివరిసారి కనిపించిన చోటు, సమయం, సమాచారం ఇవ్వవలసిన నంబరు ఉంటాయి. మనిషిని పోల్చుకోవడానికి కావలసినవి అవే. ఎందుకు వెళ్లారన్న ఊహతో బస్టాండులో ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేరు. ఎవరైనా నిజంగా ఏదైనా చూసి ఉంటే ఆ సంగతి దర్యాప్తు అధికారికి చెప్పాలి, గ్రూపునకు కాదు. గ్రూపులో పెడితే తప్పు చేసినవాడు జాగ్రత్తపడతాడు, పోలీసులు తప్పుడు దారుల్లో తిరుగుతారు.

కుటుంబాలకు చెప్పవలసిన మాట మరొకటి ఉన్నది. పరువు పోతుందని ఒక రాత్రి ఆగకండి. ఇరవై నాలుగు గంటలు చూడాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందన్న ఫిర్యాదును పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా స్వీకరించాలి. స్వీకరించకపోతే విషయాన్ని రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. పిల్లలు తప్పిపోతే అపహరణగానో, అక్రమ రవాణాగానో భావించి కేసు నమోదు చేయాలని 2013 మే 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. 112కు, పిల్లల విషయంలో 1098కి, మహిళల విషయంలో 181కి ఫోను చేయవచ్చు. మనిషి దొరికిన వెంటనే ఫొటో పంపినవారే దానిని తొలగించి, దొరికారన్న ఒక్క మాట పంపాలి. ఎక్కడ దొరికారు, ఎవరితో ఉన్నారు అన్నది ఆ ఇంటి విషయం.

మసీదు కమిటీల పెద్దలకు మా విన్నపం. జుమా ఖుత్బాలో ఒక్కసారైనా ఈ సంగతి చెప్పించండి. ప్రతి మహల్లాలో దరఖాస్తు రాయగల ఒకరిని, స్టేషన్‌కు తోడు వెళ్లగల ఒకరిని, ఆ ఇంటి ఆడవారి వద్ద కూర్చోగల ఒక పెద్దమ్మను గుర్తించి ఉంచండి. గ్రూపును నడిపేవారు కారణాలు రాసిన సందేశాన్ని మొహమాటం లేకుండా తీసివేయాలి. ఆ రాత్రి మా మండలంలో ఈ ఏర్పాటు ఉండి ఉంటే ఒక అమ్మాయి చదువు సాగి ఉండేది.

ఆ ఆటో డ్రైవరు ఇప్పటికీ మాకు దారిలో కలుస్తాడు. ఆయన మన మతం వాడు కాడు. మేము చాలా ఆలస్యంగా, ఒక రోజు ఆటో ఆపి, ఆ సందేశం మేము కూడా పంపామని చెప్పి క్షమించమన్నాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సార్, మీరు ఆ రోజు నన్నే అడిగి ఉంటే బాగుండేది. ఆ పాపను బోధన్ బస్సు ఎక్కే చోట దింపింది నేనే" అన్నాడు.