నూట ఒకటో పేజీలో అమ్మమ్మ

తాతయ్య ఎనభయ్యో పుట్టినరోజుకి ఆయన జ్ఞాపకాలన్నీ కలిపి ఓ పుస్తకం వేయిద్దామనుకున్నాం. అమ్మమ్మ పోయాక ఆయన మాట తగ్గించేశారు మరి. బన్సీలాల్‌పేట్‌లో, 2022లో బాగుచేసి మళ్లీ తెరిచిన మెట్లబావికి దగ్గర్లోనే డీటీపీ చేసే కుర్రాడి పక్కన కూర్చున్నాను. పన్నెండో పేజీలో తాతయ్య పెళ్లి ముచ్చట వచ్చింది. 'పెళ్లి ఫొటో ఫలానా పేజీలో చూడండి' అని వేయాలి. ఫొటోలేమో పుస్తకం చివర్లో. ఆ పేజీలు ఇంకా పడనేలేదు!

"ఓ వంద అని వేసెయ్ బాబూ" అన్నాను.

"జర ఆగుండ్రి సార్. ముందుగాల పేజీలన్నీ పడనియ్యుండ్రి. నంబర్లు తర్వాత ఏస్కుందాం" అన్నాడు.

రెండంకెలు పట్టేంత ఖాళీ వదిలి ముందుకెళ్లాడు. ఏ ఫొటో ఏ పేజీలో పడిందో చిత్తుకాగితం మీద రాసుకున్నాడు. మళ్లీ మొదటికొచ్చి, ఆ కాగితం చూస్తూ ఖాళీలు నింపాడు.

మీ ఇంట్లో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే అడిగి చూడండి. ఇదే పనికి వాళ్ల పాఠాల్లో ఓ పేరుంది... టూ పాస్ అసెంబ్లర్!

కంప్యూటర్‌కి తెలిసినవి అంకెలే. మనిషి 'యాడ్', 'జంప్' లాంటి పొట్టి మాటల్లో రాసిన ఆదేశాలను అంకెల్లోకి మార్చేదే అసెంబ్లర్. జంప్ అంటే 'ఫలానా చోటికి వెళ్లు' అని. ఆ చోటుకి మనం పెట్టుకునే పేరు లేబుల్. తొలిరోజుల్లో ఈ పేర్లు లేవు. చిరునామా అంకెను మనిషే లెక్కగట్టేవాడు. మధ్యలో ఒక్క ఆదేశం ఇరికిస్తే ఆ తర్వాతి చిరునామాలన్నీ జరిగిపోయేవి. ఒక్కటి దిద్దడం మరిచారో, అంతే సంగతులు! తప్పని యంత్రం చెప్పదు. బుద్ధిగా వేరే చోటికి వెళ్లి, అక్కడేముంటే అది చేసేస్తుంది.

అసెంబ్లర్ ఆ బాధ తప్పించింది. మొదటి చుట్టులో ఏ లేబుల్ ఎక్కడుందో పట్టిక రాసుకుంటుంది. రెండో చుట్టులో ఆ పట్టిక చూసి చిరునామాలు నింపుతుంది. చివరిదాకా వెతికినా ఓ పేరు దొరకలేదనుకోండి, ఊహించి ఏదో ఒక అంకె వేయదు. ఆ పేరు లేదని చెప్పి ఆగిపోతుంది.

ఇదంతా ఎక్కడో విదేశాల ముచ్చట అనుకునేరు. 1967లో మన హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, 1970ల్లోనే టీడీసీ-316 కంప్యూటర్లు తయారుచేసింది. ఆ తరం చిన్న కంప్యూటర్లలో మెమరీ బహు తక్కువ. అందుకే చాలాచోట్ల చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద ప్రోగ్రామ్ రాసి, దాన్నే మొదటి నుంచి రెండుసార్లు చదివించేవారు.

సరే, మన పుస్తకానికి వద్దాం. పెళ్లి ఫొటో సరిగ్గా నూరో పేజీలో పడింది. "చూశావా, నేను చెప్పిన వందే!" అన్నాను గొప్పగా. కుర్రాడు నవ్వి, రెండంకెల ఖాళీలో మూడంకెలు కొట్టాడు. ఆ లైను చివరి మాట కిందికి జారింది. పేరాకి ఓ లైను పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ ఆ అధ్యాయం ఇంకో పేజీలోకి పాకింది. ఫొటో నూట ఒకటికి వెళ్లిపోయింది! మళ్లీ మొదటి నుంచి మూడో చుట్టు.

అసెంబ్లర్‌కీ ఇదే చిక్కు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086లో దగ్గరి జంప్‌కి 2 బైట్లు చాలు. కానీ అది ముందుకి 127, వెనక్కి 128 బైట్లే వెళ్లగలదు. అంతకన్నా దూరమైతే 3 బైట్లు కావాలి. ఒక జంప్ పొడవు పెరిగితే దాని తర్వాతి చిరునామాలన్నీ ఒక బైటు జరుగుతాయి. దాంతో అంతవరకూ అందిన ఇంకో జంప్ కాస్తా అందకుండా పోవచ్చు. అందుకే కొన్ని అసెంబ్లర్లు అన్నీ పొట్టివే అనుకుని మొదలుపెట్టి, అందనివాటిని పెంచుకుంటూ ఎన్ని చుట్లయినా తిరుగుతాయి. ఒకసారి పెంచినదాన్ని మళ్లీ తగ్గించవు. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు. ఓ చుట్టులో ఏ అంకే మారలేదంటే పని పూర్తయినట్టే.

మా పుస్తకానికి నాలుగో చుట్టులో ఏదీ కదల్లేదు.

పుట్టినరోజునాడు తాతయ్య పన్నెండో పేజీ చదివి, కళ్లద్దాలు సర్దుకుని, నేరుగా నూట ఒకటి తీశారు. పట్టుచీరలో తలొంచుకుని అమ్మమ్మ అక్కడే ఉంది.