విప్పి నేసిన చీర

ఈ నెల ఈ పుటలో పండుగ ముచ్చట్లు వ్రాద్దామనుకొన్నాము. కాని మా వై.ఎన్.హొసకోటలో ఒక మగ్గమింట జరిగిన సంగతి కళ్ళారా చూచిన తరువాత, చదువరులకు అదే ఎక్కువ పనికివస్తుందని తోచింది. పండుగ ఎటూ మళ్ళీ వస్తుంది గదా!

మా ఊరి సంగతి తెలియనివారికి ఒక మాట. మేముండేది తుమకూరు జిల్లా పావగడ తాలూకా. పేరుకు కర్ణాటకమే గాని మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రదేశమే. బడిలో కన్నడం, ఇంటిలో తెలుగు, మగ్గం మీద పట్టు. ఒకప్పుడు అంచు మీద నెమలి కావాలంటే గళ్ళ కాగితం మీద గడి గడికీ చుక్క పెట్టి, దానిని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి, ఆ అట్టల దండను జకార్డుకు తగిలించేవారు. ఇప్పుడా గళ్ళ కాగితం కంప్యూటరులోకి పోయింది. తెర మీద బొమ్మ వేస్తే, దానికి తగిలించిన యంత్రం అట్టలు కొట్టి ఇస్తుంది.

ఇందులో ఒక వింత ఉంది. ఫ్రాన్సు దేశంలో జకార్డు అనే ఆయన 1804లో అట్టల మగ్గం తయారుచేసినాడు. ఆ రంధ్రాల అట్టల పద్ధతినే మార్చుకొని 1890లో అమెరికా వారు జనాభా లెక్కలు వేసినారు. ఆ లెక్కల యంత్రాల వంశంలోనిదే కంప్యూటరు. అంటే వరుసకు అది మగ్గానికి మనుమడన్న మాట. తాతకున్న ఓర్పు మనుమడికి ఉన్నదా లేదా అన్నదే ఈ నెల ముచ్చట.

మా వీధిలో ఒక నేతగాడు, వరుసకు మాకు అన్న. ఆయన కంప్యూటరులో సుమారు ఇరవై ఏండ్ల డిజైన్లు ఉన్నాయి. అంచులు, కొంగులు, బుటాలు, కొన్ని వాళ్ళ నాయన కాగితం మీద వేసినవి. ఒక రాత్రి తెర మీద ఏదో ప్రకటన వచ్చింది. కొత్త అప్‌డేటు వచ్చింది, పెట్టుకోమంటారా అని. పని ముగించి నిద్రకు పోయే వేళ. ఆయన చదవకుండానే సరే అన్నాడు. మనమందరమూ అంతే గదా!

తెల్లవారి చూస్తే కంప్యూటరు చక్కగా వెలిగింది. ముఖం కూడా కొత్తగా ఉంది. కాని అట్టలు కొట్టే యంత్రాన్ని మాత్రం అది గుర్తుపట్టలేదు. యంత్రానికీ కంప్యూటరుకూ నడుమ మాటలు అందించే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము ఒకటుంటుంది. అది పాతది, కొత్త పొందికకు పొసగలేదు. ఎవరి తప్పు అనలేము. కాని పెండ్లి చీర అట్టలు సగమే కొట్టి ఉన్నాయి. ముహూర్తం నాలుగు వారాలలో ఉంది.

ఎవరినో పిలిపిస్తే, ఆయన చూచి, “అంతా తుడిచేసి మొదటినుండి పెట్టాల” అన్నాడట. తుడిచేస్తే డిజైన్లో? ఆ మాటకు జవాబు లేదు. మా అన్న నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదని వదిన చెప్పింది.

ఆదివారం నాడు తుమకూరులో చదువుకొంటున్న తమ్ముని కొడుకు వచ్చినాడు. సంగతంతా విని ఒక్కటే అడిగినాడు.

“పెద్దనాయనా, ఇది మారి ఎన్ని దినాలయింది?”

“నేటికి ఎనిమిది దినాలప్పా.”

“అట్లయితే దారి ఉంది. తుడిచే పని లేదు. పాతదానికే పోదాం. అయితే ముందు నీ డిజైన్లు ఇంకో చోటికి ఎత్తుకోవాల.”

విడిగా తగిలించే డిస్కు ఒకటి తెచ్చి, డిజైన్లన్నీ దానిలోకి నకలు తీసినాడు. నకళ్ళు తెరుచుకొంటున్నాయా అని నాలుగైదు తెరిచి చూచినాడు. తరువాతనే వెనుకకు పొమ్మని కంప్యూటరుకు చెప్పినాడు. చాలాసేపు అది తనలో తాను గొణుక్కొంటూ, రెండు మూడు మార్లు ఆరి వెలిగి, చివరకు పాత ముఖంతో తెరుచుకొంది. అట్టల యంత్రం టకటకమన్నది. వదిన దేవునికి దండం పెట్టింది.

మా అన్న నవ్వినాడు. “ఇంతేనా! పేక తప్పు పడితే మేము రోజూ చేసే పనే గదా ఇది. తప్పు పడిన చోటి దాకా పోగులు విప్పి మళ్ళీ నేస్తాము. కాకపోతే వెంటనే చూసుకోవాల. చీర కోసి మడత పెట్టినాక విప్పేదెక్కడ?”

ఈ మాట అక్షరాలా నిజం. విండోస్ వాడే ఇండ్లకు ఆ వివరం చెబుతాము. పెద్ద అప్‌డేటు వచ్చినప్పుడు కంప్యూటరు పాత వ్యవస్థను వెంటనే పారవేయదు. ‘విండోస్ ఓల్డ్’ అనే సంచిలో దాచి ఉంచుతుంది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఆ గడువు 30 దినాలు. మరుసటి ఏడు 10 దినాలకు తగ్గించినారు. తెలిసినవారి చేత ముందుగా చేయించుకొంటే 60 దినాల దాకా పొడిగించుకోవచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టం, రికవరీ అని వరుసగా పోతే ‘గో బ్యాక్’ అని కనబడుతుంది. గడువు దాటినా, చోటు చాలలేదని ఆ సంచిని మనమే చెరిపినా ఈ దారి మూతపడుతుంది. నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్లను మాత్రం వాటి జాబితా తెరిచి విడివిడిగా తీసివేయవచ్చు.

వెనుకకు పోయినప్పుడు మన దస్త్రాలు సాధారణంగా చెక్కుచెదరవు. అప్‌డేటు తరువాత పెట్టుకొన్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. అయినా నకలు లేకుండా చేయరాదని ఎందుకంటున్నామంటే, 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వారు విడుదల చేసిన అప్‌డేటు కొందరి సొంత దస్త్రాలనే చెరిపివేసింది. వారు అదే వారంలో పంపిణీ ఆపి, సరిచేసి నవంబరు 13న తిరిగి ఇచ్చినారు. వెనుకకు పోతే పాత వ్యవస్థ వస్తుందే గాని చెరిగిన దస్త్రం రాదు. ఇల్లు కాలినాక మళ్ళీ కట్టుకోవచ్చు, లోపలి పెండ్లి ఫోటోలు తిరిగి వస్తాయా?

ఇచ్చినవారు వెనుకకు తీసుకొన్నంత మాత్రాన అన్నీ సర్దుకోవు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా ప్రోగ్రాముకు వచ్చిన ఒక చిన్న మార్పుతో లోకంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకొని కూలబడినాయి. కంపెనీ వారు 78 నిమిషాలలో ఆ మార్పును వెనుకకు తీసుకొన్నారు. కాని అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా చేతితో లేపవలసి వచ్చింది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన చీటీలిచ్చి విమానమెక్కించినారు.

అయితే అప్‌డేట్లే వద్దని కూర్చోవచ్చునా? కూడదు. 2017 మేలో వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాము దేశదేశాల కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడినాయి. దానిని అడ్డుకొనే అప్‌డేటు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది. పెట్టుకోనివారే ఎక్కువగా నష్టపడినారు. అందుకే మా పిల్లవాడు పోతూ పోతూ, “పెద్దనాయనా, ఇక్కడే ఉండిపోకూడదు. పెండ్లి చీర అయ్యేదాకా అప్‌డేట్లు కొన్నాళ్ళు ఆపి పెట్టినాను. అంతలోపల అట్టల యంత్రానికి కొత్త డ్రైవరు వెదుకుతా” అన్నాడు.

అన్నమాట నిలుపుకొన్నాడు. మూడు వారాలకు డ్రైవరు తెచ్చి పెట్టి, మళ్ళీ అదే అప్‌డేటు పెట్టినాడు. ఈ మారు అట్టల యంత్రం పలికింది. చీర ముహూర్తానికి రెండు రోజుల ముందే పెండ్లివారింటికి చేరింది. విప్పి నేసిన చోటు ఎక్కడో మాకైతే కనబడలేదు.

చదువరులకు మా మనవి ఇంతే. తెర మీద ప్రకటన వచ్చినప్పుడు నిద్రమత్తులో సరే అనవద్దు. దస్త్రాలకు నకలు ఉన్నదా, చేతిలో తొందర పని ఏమైనా ఉన్నదా అని చూచుకొని అనండి. అన్న తేదీ క్యాలెండరు మీద వ్రాసుకోండి. తేడా వస్తే పది దినాలలోపల ఇంటి పిల్లలను పిలవండి. మా అన్న ఇప్పుడు డిజైన్ల డిస్కును బీరువాలో, ఇంటి పత్రాల ప్రక్కన పెడుతున్నాడు.

మీ ఇండ్లలో ఇట్టి అనుభవాలుంటే వ్రాయండి. వచ్చే నెల పండుగ ముచ్చట్లతో కలుసుకొందాము.